చెయ్యి వదిలినా తగ్గని రైజు... మన దారులకు తగునా?

పెనుగొలను: మామిడి కోతలు మొదలయ్యాయంటే గంపలగూడెం మండలంలోని ఈ గ్రామం నుంచి మోటారు సైకిళ్ళు తెల్లవారకముందే కదులుతాయి. ధర కనుక్కోవడానికి నున్న మార్కెట్టుకు కొందరు, పురుగు మందులకు, మోటారు సామానుకు తిరువూరుకు కొందరు, ఆసుపత్రి పని మీద విజయవాడకు మరికొందరు. తిరువూరులో 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కి మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ చేరాలంటే సుమారు రెండు గంటల ప్రయాణం. అంతసేపూ కుడి చెయ్యి యాక్సిలరేటర్‌ను తిప్పి పట్టుకునే ఉండాలి. ఇంటికి వచ్చి అన్నం కలపబోతే వేళ్ళు తిమ్మిరెక్కి మాట వినవు.

ఈ బాధకు విరుగుడు అంటూ చిన్న చిన్న సామాను సెల్‌ఫోన్లలో చూపించి అమ్ముతున్నారు. కుర్రకారు తెప్పించుకుంటున్నారు. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘క్రూయిజ్’ అంటున్నారు గానీ, వాటిలో ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు. ఆ తేడా తెలియక కొంటేనే చిక్కు.

అసలు క్రూయిజ్ కంట్రోల్ అంటే బండి వేగాన్ని కనిపెట్టి తనంతట తానే రైజు పెంచి, తగ్గించే ఏర్పాటు. మిట్ట ఎక్కేటప్పుడు పెంచుతుంది, పల్లంలో తగ్గిస్తుంది. బ్రేకు గానీ క్లచ్ గానీ తాకితే చాలు, వెంటనే తప్పుకుంటుంది. దీనిని కనిపెట్టిన అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్ అయిదేళ్ళ వయసులోనే చూపు పోగొట్టుకున్న మనిషి. పక్కన కూర్చున్నప్పుడు కారు నడిపేవారు మాటల్లో పడి వేగం తగ్గిస్తూ, మళ్ళీ పెంచుతూ కుదుపుతుంటే విసిగి ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1950లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1958 నాటికి క్రైస్లర్ కార్లలో ఈ సౌకర్యం చేరింది. మన దేశంలో 125 సి.సి. మోటారు సైకిలుకు ఇది 2025 ఆగస్టులో హీరో గ్లామర్ ఎక్స్‌తో వచ్చింది. అయితే ఇలాంటి బండ్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉండదు, విద్యుత్ తీగలతో పని జరుగుతుంది. కేబుల్ ఉన్న మామూలు బండికి ఆ ఏర్పాటును బజారులో బిగించడం అయ్యే పని కాదు.

బజారులో దొరికేది ‘థ్రాటిల్ లాక్’. గ్రిప్పు చివర గానీ, బ్రేకు లివరు పక్కన గానీ బిగించే చిన్న బిళ్ళ ఇది. రైజును తిప్పిన చోటనే అదిమి నిలుపుతుంది. దీనికి బండి వేగంతో సంబంధం లేదు. మిట్ట వస్తే బండి నెమ్మదిస్తుంది, పల్లం వస్తే పరుగు పెడుతుంది. బ్రేకు నొక్కినా రైజు తగ్గదు. క్లచ్ నొక్కితే ఇంజను గోల పెడుతుంది. ఇందులో కొత్త ఏమీ లేదు. పాతకాలపు బుల్లెట్లకు గ్రిప్పు అడుగున చిన్న మర ఉండేది. దాన్ని బిగిస్తే చెయ్యి వదిలినా రైజు వెనక్కి తిరిగేది కాదు. చెయ్యి వదలగానే యాక్సిలరేటర్ తనంతట తానే మూసుకోవాలని అమెరికాలో 1974 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. కారణం తేలికే. పడిపోతున్న మనిషి మొదట వదిలేది చెయ్యి. ఆ క్షణాన రైజును మూసే స్ప్రింగే మనిషికి కాపు. ఆ స్ప్రింగు పనిని ఆపడానికి డబ్బు పెట్టి వస్తువు కొంటున్నారన్నమాట!

నాలుగు వరుసల హైదరాబాదు రహదారి మీద, తెల్లవారుజామున వాహనాలు పలచగా ఉన్నప్పుడు, అలవాటైన చేతికి ఇది కొంత ఉపకరించవచ్చు. తిరువూరు, గంపలగూడెం దారులు అలాంటివి కావు. మలుపు తిరగ్గానే గొర్రెల మంద. కల్లం చాలక రోడ్డు అంచున ఆరబోసిన మొక్కజొన్న. రాత్రిపూట వెనుక దీపం లేని ట్రాక్టరు. ఊరు మొదట్లో రంగు వెలిసిన స్పీడు బ్రేకరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చినప్పుడు బిళ్ళ సంగతి గుర్తుకు వచ్చి వదిలించేలోగా ఆ 17 మీటర్లు అయిపోతాయి. కేబుల్ బండికి ఈ బిళ్ళ వద్దనడమే మేలు. కొందరు బిళ్ళ కూడా దండగని గ్రిప్పుకు పాత ట్యూబు ముక్క బిగువుగా చుడతారు. అది ఇంకా ప్రమాదం. బిళ్ళకు వదిలించే మీటైనా ఉంటుంది, ట్యూబు ముక్కకు అదీ లేదు.

అయినా కొంటామనేవారు పట్టుబట్టి చూడవలసినది ఒకటే. బిళ్ళ వేసి ఉన్నా మణికట్టుతో వెనక్కి తిప్పితే రైజు వెంటనే మూసుకోవాలి. స్టాండు వేసి, ఇంజను ఆపి, హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి ఇది పరీక్షించాలి. బ్రేకు లివరుకు ఏ మూలనైనా తగిలితే తీసి పారేయవలసిందే.

చవకైనది, మనవారికి కాస్త నప్పేది మరొకటుంది. గ్రిప్పుకు తొడిగే అరచేతి రేకు. పిడికిలి బిగించకుండా అరచేతి బరువుతోనే రైజు నిలుస్తుంది. చెయ్యి తీస్తే బండి నెమ్మదిస్తుంది. దీనిలోనూ ఒక మెలిక ఉంది. బండి నిలిపి దిగేటప్పుడు చొక్కా చెయ్యి గానీ, అరచెయ్యి గానీ పొరపాటున తగిలితే బండి ఎగిరి దూకుతుంది. ట్యాంకు మీద పిల్లలను కూర్చోబెట్టుకునే అలవాటున్నవారు దీని జోలికి పోరాదు.

ఏదైనా కొనే ముందు మెకానిక్కు దగ్గర ఒక పావుగంట కూర్చుంటే చాలామందికి సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. దుమ్ము పట్టి ఎండిన కేబుల్ రైజును బరువెక్కిస్తుంది. దానికి నూనె పట్టించినా, పాతబడితే మార్చినా ఖర్చు కొద్దిపాటిదే. గ్రిప్పుకు రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. బ్రేకు లివరు మరీ పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరిచి పట్టుకోవలసి వస్తుంది. వేళ్ళు చాచితే ముంజేతికి తిన్నగా అందేటట్లు దానిని కిందికి దించాలి. అరిగి గట్టిపడిన గ్రిప్పు రబ్బరు మార్చాలి. మైలవరంలో ఆగి టీ తాగితే చేతికీ విశ్రాంతి, ఇంజనుకూ విశ్రాంతి.

ఇన్ని చేసినా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతూ, రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవలసి వస్తుంటే అది బండి మరమ్మతుతో పోయేది కాదు. మణికట్టులో నరం నొక్కుకుపోతున్నదని అనుమానించి వైద్యునికి చూపించుకోవాలి. రోజూ పాలు పిండేవారికి, సీజనంతా మిరపకాయలు కోసేవారికి బండి ఎక్కకపోయినా ఈ బాధ రావచ్చు.