పసిబిడ్డల ఆటపాటలు

పెన్నానది యొడ్డున, కడపకు సమీపముననే యున్న చెన్నూరు తమలపాకు తోటలకు పేరు పొందిన ఊరు. అవిసె చెట్లకు ప్రాకించిన తీగల నీడలో ఆకు కోయుచున్న తల్లులను, గట్టున చీర ఊయలలో నిద్రించు పసిబిడ్డలను చూచినపుడెల్లను మాకొక ప్రశ్న తోచుచుండును. ఆ బిడ్డ మేలుకొన్న పిమ్మట ఏమి చూచును? ఎవరి మాట వినును? పాలు పట్టితిమా, నీళ్ళు పోసితిమా, నిద్రపుచ్చితిమా అని మనము విచారింతుము. ఆడించితిమా అని మాత్రము ఎవరును అడుగరు. ఆట యనగా తీరిక గలవారి ముచ్చటయని మన యభిప్రాయము.

ఆ యభిప్రాయము సరికాదని చూపు నిదర్శనమొకటి జమైకా దీవిలో కలదు. 1986-87 సంవత్సరములలో కింగ్‌స్టన్ నగరపు బీదవాడలలో, పోషణ చాలక ఎదుగుదల కుంటువడిన 129 మంది పసివారితో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును ఒక పరిశీలన ప్రారంభించిరి. వారిలో కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్త వారమునకొకమారు పోయి, గంటసేపు తల్లి చెంత కూర్చుండి, బిడ్డతో ఎట్లు మాటాడవలెనో, ఎట్లు ఆడవలెనో చేసి చూపెడిది. రెండేండ్లు ఇట్లు జరిగినది. ఆటవస్తువులు కొన్నవి కావు. ఇంటిలో పారవేయు వస్తువులతో చేసినవి. ఆ బిడ్డలు ఇరువది రెండేండ్ల వారైనపుడు విచారింపగా, ఈ ఆటపాటలు లభించిన వారి సంపాదన లభింపని వారికంటె సుమారు నాలుగవ వంతు అధికముగా నుండెను. ఆ గంటసేపు చేసిన పని మన అవ్వలకు, జేజమ్మలకు కొత్తది కాదు.

పుట్టిన బిడ్డకు చూపు జానెడు దూరమునకు కొంచెము మించి ఆనదు. పాలిచ్చు తల్లి ముఖము సరిగా ఆ దూరముననే యుండును. కాబట్టి మొదటి ఆటవస్తువు ఆ ముఖమే. రెండవ నెలలో బిడ్డ నవ్వును, 'ఊ' యనును. అపుడు మనమును 'ఊ' యని, బిడ్డ తిరిగి పలుకు వరకు ఆగవలెను. ఈ ఆగుటయే మనకు చేతగాదు. పెద్దలము గుక్క తిప్పుకొనక మాటాడుచు, బిడ్డ వంతు బిడ్డకు ఇయ్యము. రేడియోలోని జోలపాట ఎంత మధురమైనను ఈ పని చేయలేదు, ఏలయన అది బిడ్డకు బదులు పలుకదు. ఆ మాటకు వచ్చిన, చేతిలోని సెల్‌ఫోనును పలుకదు. ఏడాది నిండని బిడ్డకు తెరలేవియు చూపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది.

గిలక్కాయ ఆట వినోదము మాత్రమే కాదు. నాలుగైదు నెలల బిడ్డ చప్పుడైన వైపునకు తల త్రిప్పుట నేర్చుకొనును. "మా పాప ఎంత నెమ్మదిదో, ఎంత సందడియైనను ఉలికిపడదు" అని మురియు ఇండ్లు కలవు. ఆ నెమ్మది చెవుడు కావచ్చును. బిడ్డ చూపునకు అందకుండ ప్రక్కగా నిలిచి, గిలక్కాయను మెల్లగా ఆడించి చూడుడు. పళ్ళెము మ్రోగించి చూచుట చాలదు. దాని అదురు బిడ్డ ఒంటికి తగులును. ఆరు నెలలు నిండినను తల త్రిప్పనిచో ఆలసింపక చెవి వైద్యునికి చూపవలెను. పుట్టుచెవుడును ఆరు నెలలలోపుననే గుర్తించి సాయమందించిన బిడ్డకు మాటలు వచ్చు అవకాశము ఎక్కువ. మేనరికములు తరచుగా జరుగు మన సీమలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

బిడ్డ బోర్లపడిన బొబ్బట్లు, అడుగులిడిన అరిసెలు పంచుట మన ఆచారము. కాని దినమంతయు ఊయలలోనే యున్న బిడ్డ బోర్లపడుట ఎట్లు? మేలుకొన్నపుడు చాప పరచి, మనము దగ్గరనుండి చూచుచు, బోర్లా పరుండబెట్టవలెను. కొద్దికొద్దిసేపుగా దినమునకు అరగంట యైనను ఇట్లుండవలెనని వైద్యులు చెప్పుదురు. నిద్రకు మాత్రము వెల్లకిలగానే పరుండబెట్టవలెను.

కూర్చుండ నేర్చిన బిడ్డకు వంటయింటిని మించిన బడి లేదు. ఒక చెంబు, ఒక గరిటె, రెండు గిన్నెలు చాలును. వేయుట, తీయుట, కొట్టి వినుట, క్రింద పడవైచి తల్లి ముఖము చూచుట! పదిమార్లు తీసి యిచ్చినను పదునొకండవమారు పడవైచును. అది అల్లరి కాదు. పడిన వస్తువు ఎటు పోవునో పరీక్షించుటయే. చింతగింజలను, గుండీలను, వేరుశనగ విత్తులను మాత్రము దూరముగా నుంచవలెను. శనక్కాయలు ఒలుచు ఇండ్లలో ఒక్క విత్తు ఊపిరిగొట్టములో పడిన ప్రాణాపాయము.

ఎనిమిదవ నెల దరిదాపుల ఒక వింత జరుగును. అంతవరకు గరిటెపై తువ్వాలు కప్పినచో బిడ్డ దానిని మరచి వేరొకవైపు చూచును. ఇపుడు తువ్వాలు లాగి గరిటె తీయును. కంటికి కానరాని వస్తువు ఎచ్చటనో ఉన్నదని బిడ్డకు తెలిసినదన్నమాట. స్విట్జర్లాండు దేశపు జాఁ పియాజె తన బిడ్డలను చూచి దీనిని విపులముగా వ్రాసెను. కొంగు చాటున ముఖము దాచి చూపు మన దోబూచులాట ఈ పాఠమే. తల్లి తోటకు బయలుదేరగనే బిడ్డ గుక్కపట్టి ఏడ్చుట మొదలగునదియు ఈ నెలలలోనే. ఏడ్చునని వెనుక దారిన కనుమొరగి పోవు తల్లులు పెక్కుమంది. అట్లు పోయినచో బిడ్డ ఇంకను బెంగగొని, తల్లిని క్షణమైన విడువదు. ఎదురుగా నిలిచి, "పోయి వత్తునమ్మా" అని చెప్పి, చేయి ఊపి పోవలెను. ఏడ్చినను కొంతసేపటికి అవ్వ ఒడిలో ఊరడిల్లును. సాయంకాలము తోటనుండి వచ్చిన వెంటనే, చేతులు కడుగుకొని, గడప దగ్గర ఒకమారు కొంగు చాటున దోబూచులాడి ఎత్తుకొనుడు.