రెండు గండ్లు.. రెండు రోజులు

"కడపా? గండికోట మీ దగ్గరే కదా! ఎలా ఉంటుంది?"

క్యాంపస్ ఇంటర్వ్యూలో కావచ్చు, ఇంటర్న్‌షిప్ చేసే ఆఫీసు క్యాంటీన్‌లో కావచ్చు, బెంగళూరు పీజీలో కావచ్చు.. మన జిల్లా పేరు చెప్పగానే ఇప్పుడు వచ్చే ప్రశ్న ఇదే. అడిగినవాళ్లు ఆ లోయని రీల్స్‌లో పదిసార్లు చూసే ఉంటారు. మనవాళ్లేమో ప్రొద్దుటూరులో పుట్టి, పులివెందులలో బీటెక్ చదివినా, ఎప్పుడో స్కూలు పిక్నిక్‌లో ఒకసారి వెళ్లొచ్చి ఉంటారు. "బాగుంటుందండీ" అని ఆగిపోతారు. దాని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: "వచ్చే నెల నలుగురం వస్తున్నాంరా. రెండు రోజుల్లో ఏమేం చూడొచ్చో ప్లాన్ చేసి పెట్టవా?"

చేసి పెట్టండి. ఫ్రీగా దొరికిన ప్రాజెక్టు అది. బడ్జెట్ ఉంది, టైమ్ లిమిట్ ఉంది, నాలుగు రకాల మనుషులున్నారు, బస్సు తప్పిపోతే ఏం చేయాలో ముందే ఆలోచించాల్సిన పనుంది. రెజ్యూమేలో 'టీమ్ మేనేజ్‌మెంట్' అని రాసుకుని, ఉదాహరణ అడిగితే నీళ్లు నమిలేవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. పైగా మన వైపు టూరిజంలోకి డబ్బులొస్తున్న టైమ్ ఇది. గండికోటని అభివృద్ధి చేయడానికి కేంద్రం 2024 చివర్లో సుమారు రూ.78 కోట్లు మంజూరు చేసింది. రాష్ట్రం కూడా అదే ఏడాది కొత్త పాలసీలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. హోటళ్లు వస్తాయి, టెంట్లు వస్తాయి, బోట్లు వస్తాయి. ఆ పనులు జమ్మలమడుగు పిల్లలు చేస్తారా, బయటి నుంచి వచ్చినవాళ్లు చేస్తారా అన్నదే ప్రశ్న.

ముందు ఆ పేరు సంగతి. గండి అంటే తెగిన చోటు. చెరువు కట్టకి గండి పడింది అంటాం చూడండి, అదే. మన జిల్లాలో నదులు ఏకంగా కొండలకే గండి కొట్టాయి. ఉత్తరాన పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట గండికోట. దక్షిణాన పాపఘ్ని పాలకొండల్ని చీల్చుకుని వేంపల్లె వైపు వచ్చిన చోటు పేరు ఉత్తి గండి. మొదటిదాని పక్కన కోట, రెండోదాని పక్కన గుడి. మీ ఫ్రెండ్స్‌కి మొదటిది మాత్రమే తెలుసు. రెండూ చూపించండి, రోజుకి ఒకటి.

మొదటి రోజు: పెన్న కోసిన లోయ

బేస్ జమ్మలమడుగు. గండికోట అక్కణ్నుంచి 15 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి కారులో వచ్చేవాళ్లకి 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లకి ముంబయి-చెన్నై లైన్లో ముద్దనూరు స్టేషన్ దగ్గర. ఎర్రగుంట్ల-నంద్యాల లైన్ మీద జమ్మలమడుగుకీ స్టేషన్ ఉంది కానీ, అటు తిరిగే రైళ్లు తక్కువ.

సూర్యోదయానికి లోయ అంచున ఉండాలి. దీంట్లో బేరాల్లేవు. తొమ్మిది దాటితే రాయి వేడెక్కుతుంది, ఫొటోలో రంగు పోతుంది, జనం పెరుగుతారు. జామియా మసీదు దాటి ముందుకెళ్తే పెద్ద పెద్ద బండలు వస్తాయి. వాటి మధ్య దారి చేసుకుంటూ పోతే ఒక్కసారిగా నేల అయిపోతుంది. కింద మూడొందల అడుగుల లోతున పెన్న. రెండు వైపులా గోడ కట్టినట్టు, వరసలు పేర్చినట్టు ఎర్రటి రాయి. రెయిలింగ్ ఉంటుందని లెక్కపెట్టుకోవద్దు. బండల అంచులు నున్నగా ఉంటాయి, గాలి ఎక్కువ. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు. వాణ్ని చూసుకునే డ్యూటీ ఒకరికి అప్పగించండి. సరదాకి చెప్పట్లేదు, టూర్ నడిపేవాడి మొదటి పని అదే.

మీరు ఇంజినీరింగ్ అయితే ఆ రాయి గురించి రెండు ముక్కలు తెలుసుకుని వెళ్లండి. జియాలజీ పుస్తకాల్లో దాని పేరే 'గండికోట క్వార్ట్‌జైట్'. ఇంకా తమాషా ఏంటంటే, ఈ కడప బేసిన్‌లోని రాతి పొరలకి మన ఊళ్ల పేర్లే పెట్టారు: పులివెందుల క్వార్ట్‌జైట్, వేంపల్లె ఫార్మేషన్, తాడిపత్రి ఫార్మేషన్, నర్జి సున్నపురాయి. పులివెందుల దగ్గర పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ ఒక లావా రాయి వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. అమెరికా గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తూ రీల్స్ చేసేవాళ్లు ఈ మాట చెప్పరు. మీరు చెప్పొచ్చు.

కోటలో కనీసం రెండు గంటలు పెట్టండి. మాధవరాయ స్వామి గుడి గోపురం, రంగనాథ స్వామి గుడి, మసీదు, పక్కనే ధాన్యాగారం, జైలు, రాయల చెరువు.. అన్నీ నడిచే దూరంలోనే. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కణ్నుంచి ఏలారు. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటని పట్టుకున్నాడు. 1652లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు, గోల్కొండ రాజ్యంలో ఇంత గట్టి కోటలు కొన్నే అన్నట్టుగా రాసుకున్నాడు. అంటే గండికోటకి ట్రావెల్ రైటర్లు రావడం కొత్తేం కాదు, మూడొందల డెబ్భై ఏళ్లుగా వస్తూనే ఉన్నారు! మీ గ్యాంగ్‌లో చరిత్ర అంటే ఆవలించేవాళ్లుంటే, 'మర్యాద రామన్న' షూటింగ్ ఇక్కడే జరిగిందని మొదలుపెట్టండి. చెవులు వాటంతటవే ఇటు తిరుగుతాయి.

ఇంకొకటి కూడా చెప్పండి. ఇది ఏ రీల్‌లోనూ ఉండదు. కోటకి ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం డ్యామ్ ఉన్నాయి. జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. సీమకి నీళ్లు కావాలి, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఆ నీళ్లు నిండాలంటే కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. ఇళ్లు, బడి, గుడి వదిలేసి జనం వేరే చోటికి పోయారు. మీ క్లాసులో ఆ ఊళ్ల పిల్లలు ఉండే ఉంటారు. నీళ్లు చూసి "వావ్" అన్న ఫ్రెండ్‌కి ఈ సంగతి తెలిస్తే ట్రిప్ పాడైపోదు. వాళ్లకి గుర్తుండేది అదే కావచ్చు కూడా.

ఎండ ముదిరే వేళకి భూమి లోపలికి దిగండి. గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లలో, ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా లోపల తిరగనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1982-83లో జర్మన్ గుహ పరిశోధకులు వచ్చి కొలిచారు. 2002 నుంచి టూరిస్టులకి తెరిచారు. లోపల చల్లగా ఉంటుందని అనుకుంటారు అందరూ. ఉండదు. ఉక్కపోతగా ఉంటుంది, చొక్కా తడిసిపోతుంది. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లని, పెద్దవాళ్లని అడుగున ఉన్న పాతాళగంగ దాకా లాక్కెళ్లకండి. మిగతావాళ్లు తప్పకుండా వెళ్లాలి. నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసిన సొరంగాలవి. పొద్దున చూసిన లోయని చేసింది నీళ్లే, దీన్నీ నీళ్లే చేశాయి.

రాత్రికి ప్రొద్దుటూరు. ఊళ్లో బంగారం కొట్ల బజారులో ఒక చుట్టు తిప్పండి. బెంగళూరు వాళ్లు నోరెళ్లబెడతారు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని కొట్లేంటని అడుగుతారు. దసరా రోజుల్లో వస్తే కన్యకా పరమేశ్వరి అమ్మవారి ఉత్సవాలతో ఊరంతా వెలిగిపోతుంటుంది. ఆ టైమ్‌లో రూములు ముందే చూసి పెట్టుకోవాలి. తిండి గురించి మీకు నేను చెప్పాలా? రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు. పొద్దునకి ఉగ్గాని బజ్జీ, ఎర్రకారం దోసె. కారం తగ్గించమని ముందే చెప్పండి, పాపం.

రెండో రోజు: పాపఘ్ని దారి

ఈ రోజు నెమ్మదిగా నడుస్తుంది. ప్రొద్దుటూరు నుంచి వేంపల్లె వైపు వచ్చి గండికి చేరాలి. చక్రాయపేట మండలంలో, రెండు కొండల మధ్య సందులో ఏరు, ఒడ్డున వీరాంజనేయ స్వామి గుడి. రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడని, చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందని స్థలపురాణం. కొండల మధ్య వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని, అది కనిపించినవాళ్లు ఎక్కువ కాలం బతకరని ఇంకో కథ. ఇక్కడ కలెక్టర్‌గా చేసి, తర్వాత మద్రాసు గవర్నర్ అయిన థామస్ మన్రోకి ఆ తోరణం కనిపించిందని కూడా చెప్పుకుంటారు. తోరణం సంగతి మీ ఇష్టం. మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట మాత్రం చరిత్రే. శ్రావణ మాసం శనివారాల్లో ఇక్కడ ఇసకేస్తే రాలదు. భక్తితో వచ్చేవాళ్లకి ఆ రోజులే సరి. కొండల సందు చూడాలనుకునేవాళ్లు మామూలు రోజు రండి. వానలు లేని నెలల్లో ఏట్లో నీళ్లు పెద్దగా ఉండవని కూడా ముందే చెప్పండి.

పక్కనే ఇడుపులపాయ. వైఎస్ రాజశేఖరరెడ్డి సమాధి, 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ అక్కడే. వచ్చినవాళ్లలో ట్రిపుల్ ఐటీ పాత విద్యార్థి ఉంటే మిగతా ప్లాన్ వాళ్లకే వదిలేయండి, ఎలాగూ మన మాట వినరు. సాయంత్రం పులివెందుల మీదుగా కదిరి దారి పట్టుకుంటే బెంగళూరు వెళ్లేవాళ్లకి సరిపోతుంది. రైలు ఎక్కేవాళ్లని కడపకి పంపేయండి. టైముంటే కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం, పెద్ద దర్గా చూసి ఎక్కొచ్చు.

ఇది ఉద్యోగం అవుతుందా?

కొలంబియాలో, కరీబియన్ సముద్రం ఒడ్డున కార్తహేనా అని పాత కోట నగరం ఉంది. 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అక్కడ కోట గోడల మధ్య పొద్దున వాకింగ్ టూర్, మర్నాడు పడవలో రొసారియో దీవులు, ఇంకో రోజు తొతుమో అనే బురద అగ్నిపర్వతంలో స్నానం. కోటని చూడ్డానికి వచ్చినవాణ్ని మూడు రోజులు ఉంచుతారు. టికెట్ పెట్టకుండా, చివర్లో ఇచ్చిన టిప్ మీద నడిచే వాకింగ్ టూర్లు కూడా ఉంటాయి. మన దగ్గర టూరిస్టు పొద్దున వచ్చి, ఫొటో దిగి, సాయంత్రానికి వెళ్లిపోతున్నాడు. వాడు ఒక రాత్రి ఎక్కువ ఉంటే రూము, భోజనం, ఆటో, గైడు.. నాలుగు చోట్ల డబ్బు మిగులుతుంది.

మొహమాటం లేకుండా చెప్తాను. గైడ్ పనితో నెలనెలా జీతంలా డబ్బు రాదు. సీజన్ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి కాకి కూడా బయటికి రాదు. కాబట్టి దీన్ని నమ్ముకుని గ్రూప్స్ ప్రిపరేషనో కోడింగ్ ప్రాక్టీసో మానేయొద్దు. వీకెండ్ పనిగా మొదలుపెట్టి చూడండి. కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో నడిపే 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్' కోర్సు ఇంట్లో కూర్చునే చేయొచ్చు. సీరియస్‌గా ఇటే వస్తామంటే పర్యాటక శాఖ సంస్థ ఐఐటీటీఎం క్యాంపస్ నెల్లూరులో ఉంది, టూరిజంలో బీబీఏ, ఎంబీఏ చేయొచ్చు. వంట, హోటల్ వైపు ఆసక్తి ఉంటే తిరుపతిలో స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది. డ్రోన్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాల మీద అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది.

టెక్ వాళ్లకి చేతినిండా పనుంది. ఈ రూట్‌లో బస్సుల టైములు ఒక్కచోట, నమ్మదగ్గట్టు దొరకవు. కోటలో ప్రతి కట్టడం దగ్గర తెలుగు, కన్నడ, ఇంగ్లిష్‌లలో రెండు నిమిషాల ఆడియో వినిపించే చిన్న వెబ్ పేజీ, ఫోన్లో ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది, ఫైనలియర్ ప్రాజెక్టుకి సరిగ్గా సరిపోతుంది. 'స్మార్ట్ అటెండెన్స్ సిస్టమ్' కంటే పదిరెట్లు నయం. కన్నడ ఎందుకంటారా? శనివారం పార్కింగ్‌లో బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి.

ఇక బయలుదేరే ముందు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. గండికోట చిన్న ఊరు, చీకటి పడితే తిరుగు బండి దొరకడం కష్టం. అందుకే జమ్మలమడుగులో ఆటో ఎక్కేముందే మాట్లాడుకోండి: "అన్నా, నలుగురం ఉండాం. తెల్లారకముందే పోవల్ల, కోట చూసేదాకా ఆడనే ఉండల్ల. ఎంత తీసుకుంటావు?" మొదట చెప్పిన రేటుకి ఒప్పుకోవద్దు. ఆయన నంబర్ మాత్రం సేవ్ చేసుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.