పుస్తకానికీ పాఠకునికీ నడుమ

ఇంటి పన్ను చెల్లించినప్పుడు ఇచ్చే రసీదును మనలో చాలామంది చదవకుండానే మడిచి దాచుకొంటారు. ఆ పన్నులో గ్రంథాలయాలకు చేరవలసిన చిన్న భాగం ఒకటి ఉంది. చట్టం ప్రకారం అది ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు. అక్షరం రానివారూ, గ్రంథాలయం గడప తొక్కనివారూ కూడా ఈ ఎనిమిది పైసలను చెల్లిస్తూనే ఉన్నారు. పౌర గ్రంథాలయం ఊరివారందరి సొమ్ముతో నడిచే సంస్థ. కనుక దాని మంచిచెడ్డలను విచారించే హక్కు గ్రంథాలయానికి వెళ్ళేవారికి మాత్రమే కాక, ఆ పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.

గ్రంథాలయాన్ని ఆధునికం చేయాలనే మాట వినగానే మనకు కొత్త భవనమో, కంప్యూటర్ల వరుసో స్ఫురిస్తుంది. అవి అవసరమే, డబ్బు ఉంటే ఏడాదిలో సమకూరుతాయి కూడా. కాని ఏ పుస్తకం ఎక్కడ ఉందో, వచ్చిన పాఠకునికి ఏది ఉపకరిస్తుందో ఎరిగిన మనిషిని తయారు చేసుకోవడానికి కాలమూ శ్రమా కావాలి. మన దేశంలో ఈ సంగతిని తొలినాళ్ళలోనే గుర్తించి ఆచరణలో పెట్టినవాడు ఒక సంస్థానాధీశుడు.

బరోడా సంస్థానాన్ని పాలించిన మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1906లో తన రాజ్యమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశాడు. బడిలో నేర్చిన చదువు బడి విడిచిన తరువాత నిలవాలంటే చదువుకోవడానికి ఏదో ఒకటి చేతికి అందుతూ ఉండాలి. లేకపోతే నాలుగేళ్ళు దిద్దిన అక్షరాలు మరో నాలుగేళ్ళలో మరుగున పడతాయి. ఈ ఆలోచనతోనే ఆయన గ్రంథాలయాల వైపు దృష్టి సారించాడు. అమెరికాలో పర్యటించినప్పుడు అక్కడి పౌర గ్రంథాలయాల పనితీరును చూసి ముగ్ధుడై, న్యూ హేవెన్ నగరంలో గ్రంథపాలకుడుగా ఉన్న విలియం అలాన్సన్ బోర్డెన్‌ను 1910లో బరోడాకు రప్పించాడు.

బోర్డెన్ మూడేళ్ళపాటు బరోడాలో పనిచేశాడు. రాజధానిలో కేంద్ర గ్రంథాలయాన్ని తీర్చిదిద్దాడు. పుస్తకాలకు ఒక వర్గీకరణ పద్ధతిని రూపొందించాడు. వీటికంటె ముఖ్యమైనది 1911లో ఆయన ప్రారంభించిన శిక్షణ తరగతి. గ్రంథపాలకులకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వడం మన దేశంలో దానితోనే మొదలైంది. తాను స్వదేశానికి తిరిగి వెళ్ళవలసినవాడు. తరువాత ఆ పనిని కొనసాగించవలసినవారు స్థానికులే. అతిథిగా వచ్చిన నిపుణుడు తన అవసరం లేకుండా చేసి వెళ్ళడం అరుదు. బోర్డెన్ చేసినది అదే.

బరోడా ఏర్పాటులో మరొక విశేషం ఉంది. గ్రామస్థులు గ్రంథాలయం కోసం కొంత సొమ్ము పోగుచేస్తే, దానికి సమానంగా జిల్లా పంచాయతీ ఒక వాటా, ప్రభుత్వం ఒక వాటా కలిపేవి. గ్రంథాలయం లేని పల్లెలకు పుస్తకాలను కొయ్యపెట్టెలలో పెట్టి పంపేవారు. రవాణా ఖర్చు సర్కారుదే. ఒక ఊరివారు చదివిన తరువాత ఆ పెట్టె మరో ఊరికి సాగిపోయేది. పెట్టెలో ఏ పుస్తకాలు పెట్టాలి? వ్యవసాయం చేసేవారికి ఏవి, స్త్రీలకు ఏవి, అప్పుడే చదువు నేర్చిన పిల్లలకు ఏవి? ఈ ఎంపికకు శిక్షణ పొందిన మనిషి కావాలి. అతడు లేకపోతే పెట్టె తిరుగుతుంది గాని పుస్తకాలు తెరుచుకోవు.

తెలుగు దేశంలో గ్రంథాలయాలకు ఇటువంటి రాజాశ్రయం లేదు. ఇక్కడ ఆ పనిని ప్రజలే తలకెత్తుకొన్నారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఊరూరా విడివిడిగా వెలసిన గ్రంథాలయాలు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పేరిట ఒక్కటైనది ఆ సభలోనే. దానికి వెన్నెముకగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్యను తెలుగువారు గ్రంథాలయోద్యమ పితామహుడని గౌరవిస్తారు. 1919లో మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగినప్పుడు దానికి అధ్యక్షులుగా వచ్చిన జె. ఎస్. కుడాల్కర్ బరోడా గ్రంథాలయ శాఖకు అధికారి. ఆ విధంగా బరోడా అనుభవం తెలుగువారి ఉత్సాహంతో కలిసింది. మరుసటి ఏడాది, అంటే 1920లో, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలో గ్రంథాలయ సేవకుల కోసం శిక్షణ తరగతిని నడిపింది. జీతం లేకుండా, చాలాచోట్ల సొంత ఖర్చుతో పనిచేసే స్వచ్ఛంద సేవకులకు సైతం శిక్షణ అవసరమని నాటి పెద్దలు భావించడం గమనించదగినది.

ఆ కాలపు సాహసాలలో పడవ గ్రంథాలయం ఒకటి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల మధ్య పుస్తకాల పడవను నడిపించారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1931లో, తమిళ దేశంలోని మన్నార్‌గుడిలో ఎడ్లబండిపై గ్రంథాలయం కదిలింది. నేడు మనం సంచార గ్రంథాలయమని గొప్పగా చెప్పుకొనే మోటారు వాహనం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఈ దశలో గ్రంథాలయ సేవకు శాస్త్రరూపం ఇచ్చినవారు ఎస్. ఆర్. రంగనాథన్. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితశాస్త్ర ఉపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా చేరారు. చేరిన కొద్ది రోజులకే ఆయనకు విసుగు పుట్టింది. పాఠకులు రారు, చేయడానికి పని లేదు. తిరిగి కళాశాలకు పంపించమని పై అధికారులను వేడుకొన్నారు. శిక్షణకు ఎలాగూ లండన్ వెళ్ళవలసి ఉన్నదనీ, వెళ్ళివచ్చిన తరువాత కూడా ఇష్టం లేకపోతే అప్పుడు చూద్దామనీ వారు నచ్చజెప్పారు. లండన్‌లో ఆయన చదువుకొంటూనే నూరుకు పైగా గ్రంథాలయాలను స్వయంగా చూశారు. పసిపిల్లలు మొదలుకొని కార్మికుల వరకు అన్ని వర్గాలవారూ అక్కడ చదువుకోవడం గమనించారు. 1925లో మద్రాసుకు తిరిగి వచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాడు. పుస్తకాలు భద్రపరచడానికి కాక వాడుకోవడానికి ఉన్నాయన్నది ఆయన సిద్ధాంతాలలో మొదటిది. చెప్పడానికి సులభమైన ఈ మాటను ఆచరణలో పెట్టాలంటే బీరువాల తాళాలు తీయాలి, గ్రంథాలయ వేళలు పెంచాలి, పాఠకుణ్ణి దొంగగా అనుమానించడం మానాలి. 1929లో ఆయన చొరవతో మద్రాసులో గ్రంథాలయ శాస్త్ర పాఠశాల ఆరంభమైంది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఈ శాస్త్రంలో డిప్లొమా తరగతిని ప్రవేశపెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరమే మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే చట్టం ఏర్పడింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు, మనం మొదట చెప్పుకొన్న పన్ను దాని ఫలితాలే. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా రెండు రాష్ట్రాలలో ఈ ఏర్పాటే కొనసాగుతున్నది. చట్టం మంచిదే. ఆచరణలో మాత్రం వసూలైన గ్రంథాలయ పన్నును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయవనీ, బకాయిలు పేరుకుపోతున్నాయనీ దశాబ్దాలుగా ఫిర్యాదు ఉంది. సొమ్ము రాకపోతే మొదట ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు. తరువాత ఖాళీ అయిన ఉద్యోగాలు ఖాళీగానే మిగిలిపోతాయి. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు పదవీ విరమణ చేసినచోట తలుపు తీసి, దినపత్రికలు బల్లపై పరచి, సాయంత్రం తాళం వేసే మనిషి ఒక్కడే ఉంటే అది గ్రంథాలయం పేరుతో నడిచే పత్రికా పఠన మందిరం అవుతుంది. పోటీ పరీక్షలకు చదువుకొనే యువకులతో నేడు అనేక గ్రంథాలయాలు కిటకిటలాడుతున్నాయి. సంతోషమే. అయితే వారిలో పెక్కుమంది తమ పుస్తకాలను తామే తెచ్చుకొని, కుర్చీ కోసం మాత్రమే అక్కడికి వస్తున్నారన్న సంగతిని విస్మరించరాదు.

ఇక కంప్యూటర్ల విషయం. పూర్వం ప్రతి పుస్తకానికీ చిన్న అట్టముక్కలపై వివరాలు రాసి, అక్షరక్రమంలో సొరుగులలో అమర్చేవారు. దానినే సూచీపత్రం లేదా కేటలాగు అంటారు. ఇప్పుడు ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లోకి చేరుతున్నాయి. ఇందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఖరీదైనదేమీ కాదు. న్యూజీలాండ్‌లో పుట్టిన కోహా ఉచితంగా లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం ఇ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది. హైదరాబాదులో 2005లో రూపొందిన న్యూజెన్‌లిబ్ 2008 నుంచి అందరికీ స్వేచ్ఛగా లభ్యమైంది. చిక్కు మరొకచోట ఉంది.

ఒక విద్యార్థి శ్రీశ్రీ రచనలు కావాలని అడిగాడనుకొందాం. కేటలాగు తయారు చేసినవారు కొన్ని పుస్తకాలను 'శ్రీశ్రీ' అనీ, మరికొన్నింటిని 'శ్రీరంగం శ్రీనివాసరావు' అనీ నమోదు చేసి ఉంటే, యంత్రం దృష్టిలో వీరు ఇద్దరు వేరు వేరు రచయితలు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని యంత్రానికి తెలియదు. ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన 'మాలపల్లి'కి 'సంగ విజయం' అనే పేరు కూడా ఉందని దానికి ఎవరో చెప్పాలి. పైగా పాశ్చాత్య నియమాల ప్రకారం మనిషి ఇంటిపేరుతో ప్రసిద్ధుడు. మనలో ఒకరిని ఇంటిపేరుతో, మరొకరిని సొంతపేరుతో, ఇంకొకరిని కలంపేరుతో పిలుస్తాం. ఈ పేర్ల మధ్య వంతెనలు కట్టేది తెలుగు సాహిత్యం తెలిసిన గ్రంథపాలకుడే.

లిపి సమస్య కూడా తక్కువది కాదు. తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో సులభంగా రాని రోజులలో పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో ఎక్కించారు. 'శ' అక్షరాన్ని ఒకరు ఎస్ అని రాస్తే మరొకరు ఎస్, హెచ్ కలిపి రాశారు. దీర్ఘాన్ని ఒకరు చూపారు, ఇంకొకరు వదిలారు. అందువల్ల పుస్తకం బీరువాలో ఉన్నా, వెదికినవారికి లేదనే సమాధానమే వచ్చేది. అన్ని భాషల లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అది మామూలు కంప్యూటర్లలో వాడుకలోకి రావడానికి మాత్రం మరో పదేళ్ళకు పైగా పట్టింది. నాడు తప్పుగా ఎక్కిన పేర్లను సరిదిద్దే పని విసుగు పుట్టించేదే. అయినా ఎవరో ఒకరు కూర్చొని చేయక తప్పదు.

వర్గీకరణలోనూ ఇటువంటి ఇబ్బంది ఎదురవుతుంది. ప్రపంచంలో విస్తారంగా వాడే డ్యూయీ దశాంశ పద్ధతిలో ఆంగ్ల సాహిత్యానికి 820 నుంచి పూర్తిగా ఒక విభాగం ఉంది. ద్రావిడ భాషా సాహిత్యాలు ఇతర భాషలెన్నిటితోనో కలిసి 894 అనే ఒక్క అంకెలో ఇరుకుకొన్నాయి. తెలుగు సాహిత్యం వంతుకు వచ్చినది 894.827. తెలుగు పుస్తకాలే అధికంగా ఉండే గ్రంథాలయంలో బీరువాలన్నీ ఇదే అంకెతో మొదలైతే పాఠకునికి తోవ ఏమి తెలుస్తుంది? కావ్యాలు, శతకాలు, నవలలు, కథలు అని ఇంకా సూక్ష్మంగా విభజించుకోవాలి. పద్ధతిని యథాతథంగా అనుసరించడానికి కొద్దిపాటి శిక్షణ చాలు. మన అవసరానికి తగినట్లు దానిని మలచుకోవడానికే లోతైన చదువు కావాలి.

కేటలాగును దాటి చూస్తే శిక్షణలో ఉండవలసినవి మరికొన్ని కనిపిస్తాయి. పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న తరచుగా అతని అసలు ప్రశ్న కాదు. 'వ్యవసాయం పుస్తకాలు ఉన్నాయా?' అని అడిగిన రైతుకు నిజంగా కావలసినది తన మిరప తోటకు తగిలిన తెగులు గురించి కావచ్చు. నొప్పించకుండా రెండు మాటలు అడిగి ఆ సంగతి తెలుసుకోవడం నేర్చుకోదగిన విద్య. చూపు లేనివారికి పుస్తకాన్ని వినిపించే సాధనాలను పరిచయం చేయడం మరొకటి. 2005లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన సంఘం గ్రంథాలయాలపై చేసిన సిఫారసుల పర్యవసానంగా 2012లో జాతీయ గ్రంథాలయ మిషన్ ఏర్పాటైంది. సిబ్బంది నైపుణ్యాన్ని పెంచడం దాని లక్ష్యాలలో ఒకటి. కాని గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొని ముప్పై ఏళ్ళ క్రితం ఉద్యోగంలో చేరినవారికి మధ్యలో మళ్ళీ చదువుకొనే అవకాశం క్రమం తప్పకుండా లభిస్తేనే ఆ లక్ష్యానికి అర్థం ఉంటుంది.

బాపట్ల జిల్లాలో పేరుగాంచిన వేటపాలెం సారస్వత నికేతనం 1918లో స్థాపితమైంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. నాటి పత్రికల సంపుటాలు అక్కడ ఉన్నాయి. ఆ కాలపు పత్రికల కాగితం పెళుసుబారి, వేలితో తిప్పితే అంచులు రాలిపోతుంది. ఇటువంటి పుటలను కాపాడాలంటే వాటిని ఛాయాచిత్రాలుగా తీసి కంప్యూటర్‌లో భద్రపరచాలి. ఏ సంపుటాన్ని ముందుగా ఎంచుకోవాలో, విరిగిపోతున్న పుటను ఎలా పట్టుకోవాలో తెలిసినవారు ఆ పనికి కావాలి. ఒక సంచికను ఛాయాచిత్రం తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. అందులో ఏ పుటలో ఏ వార్త ఉందో, ఎవరి పేరు వచ్చిందో రేపటి పరిశోధకునికి దొరికేటట్లు రాసిపెట్టడానికి ఒక మనిషికి ఒక పూట పడుతుంది.