మంత్రగత్తెను తయారుచేసింది ఎవరు?
(ఆన్ పెట్రీ నవల ‘టిటుబా ఆఫ్ సేలెం విలేజ్’ గురించి)

మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్లో ఎన్ని పురుళ్లు పోసిందో లెక్కలేదు. బిడ్డ బొడ్డు కొయ్యడానికి, మాయ పాతిపెట్టడానికి, బాలింతకు నీళ్లు పోయడానికి ఆమె చెయ్యి కావాలి. పని అయిపోయాక అదే చెయ్యి మంచినీళ్ల కుండకు తగలకూడదు. బిడ్డ బతికితే దేవుడి దయ. పోతే మాత్రం “దాని చూపు మంచిది కాదు” అనేవాళ్లు. యూనివర్సిటీకి వచ్చాక ఒక అమెరికన్ నవల చదువుతుంటే ఈ మాటే మళ్లీ నా చెవిన పడ్డట్టయింది. ఆ నవల గురించి మన విద్యార్థులకీ, టీచర్లకీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

రచయిత్రి ఆన్ పెట్రీ (1908–1997) నల్లజాతి మహిళ. కనెక్టికట్ రాష్ట్రంలో ఓల్డ్ సేబ్రూక్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. వాళ్ల నాన్న మందుల షాపు నడిపేవాడు. ఆమె కూడా ఫార్మసీ చదివింది. 1946లో వచ్చిన ‘ద స్ట్రీట్’ నవలతో పెద్ద పేరొచ్చింది. ఆ తర్వాత పిల్లల కోసం, ఎదిగే వయసు వాళ్ల కోసం కూడా రాసింది. బానిసలను తప్పించి స్వేచ్ఛకు నడిపించిన హారియట్ టబ్‌మన్ జీవితాన్ని 1955లో, టిటుబా నవలను 1964లో ప్రచురించింది. అది అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చిన సంవత్సరం.

కథ బార్బడోస్ దీవిలో మొదలవుతుంది. టిటుబా, ఆమె భర్త జాన్ ఇద్దరూ బానిసలు. యజమానురాలు తన అప్పులు తీర్చుకోడానికి వాళ్లను శామ్యూల్ ప్యారిస్ అనే పాస్టరుకు అమ్మేస్తుంది. ఎండ దేశం నుంచి మంచు దేశానికి ఓడెక్కిస్తారు. మసాచుసెట్స్ లోని సేలెం విలేజ్ లో పాస్టరు ఇంటి చాకిరీ అంతా టిటుబాదే. వంట, రోగంతో ఉన్న ఇల్లాలి సేవ, పిల్లల పెంపకం. నూలు వడకడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. ఆ పనితనమే ఆమె మీదికి అనుమానం తెస్తుంది. తెల్లావిడ బాగా వడికితే అది నేర్పు, బానిస వడికితే మంత్రం!

ఇది ఉత్త కల్పన కాదు. 1692 మొదట్లో ప్యారిస్ ఇంట్లో ఆడపిల్లలకు మూర్ఛల్లాంటివి వచ్చాయి. దయ్యాన్ని కనిపెట్టడానికి పిల్లల మూత్రంతో రొట్టె చేయించమని సలహా ఇచ్చింది మేరీ సిబ్లీ అనే తెల్ల ఇరుగమ్మ. చర్చిలో ఆమెను మందలించి వదిలేశారు. మార్చి 1న విచారణకు నిలబెట్టింది మాత్రం మరో ముగ్గురిని. ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే సారా గుడ్, చర్చికి రాకుండా మంచాన పడిన సారా ఆజ్‌బర్న్, బానిస టిటుబా. వెనక నిలబడే మనిషి లేనివాళ్లను ముందు ఏరారు. మంత్రాలు దొరికాక మంత్రగత్తెను పట్టుకోలేదు, దిక్కులేని ఆడదాన్ని పట్టుకున్నాక మంత్రాలు వెతికారు. ఆ ఏడాది సేలెంలో నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు. 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ను రాళ్ల కింద నలిపి చంపారు.

టిటుబా బతికింది. అది ఎట్లా అన్నదే మనం ఆగి ఆలోచించాల్సిన విషయం. కోర్టు రికార్డు ప్రకారం ఆమె మొదట తానెవరికీ హాని చెయ్యలేదంది. తర్వాత ఒప్పుకుంది. పచ్చ పిట్ట, నల్లకుక్క, బోస్టన్ నుంచి వచ్చిన పొడుగు మనిషి, ఇట్లా వాళ్లు వినాలనుకున్నదంతా చెప్పింది. సైతాను పుస్తకంలో తొమ్మిది గుర్తులు చూశానంది. వాటిల్లో ఆమె చెప్పిన పేర్లు రెండే, అప్పటికే పట్టుబడ్డ గుడ్, ఆజ్‌బర్న్. మిగతా ఏడుగురి కోసం వేట మొదలైంది. ఆజ్‌బర్న్ మే నెలలో జైల్లోనే చనిపోయింది. గుడ్ ను జులైలో ఉరితీశారు. అంటే టిటుబా ప్రాణానికి ఇంకెవరో కూడా మూల్యం చెల్లించారు. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను దేవతను చెయ్యనక్కర్లేదు.

అయితే ఆమెను తప్పుపట్టే ముందు ఇంకో సంగతి చూడాలి. 1700లో అచ్చయిన తన పుస్తకంలో రాబర్ట్ కేలెఫ్ రాశాడు, యజమాని తనను కొట్టి ఒప్పించాడని టిటుబా చెప్పిందని. చెప్పిన మాటకు కట్టుబడి ఉంటేనే జైలు ఖర్చులు కడతానని ప్యారిస్ పట్టుబట్టాడని కూడా రాశాడు. ఆ రోజుల్లో ఖైదీ తిండి ఖర్చు కూడా ఖైదీయే కట్టుకోవాలి. ఏడాదికి పైగా ఆమె జైల్లో మగ్గింది. చివరికి ఎవరో ఆ డబ్బు కట్టి కొనుక్కుపోయారు. ఆ తర్వాత చరిత్రలో ఆమె జాడ లేదు. ఆ విచారణల్లో నేరం ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లెవరినీ ఉరితీయలేదు. కాదన్నవాళ్లు ఉరికంబం ఎక్కారు. కానీ మార్చి 1న ఆ సంగతి ఎవరికీ తెలీదు. కాబట్టి ఆమె తెలివిగా ఎత్తు వేసి బతికింది అనడం కూడా తప్పే. దెబ్బలు తిన్న మనిషి ఆ పూట గడిచే దారి చూసుకుంది. నిజం చెప్పే ధైర్యం గురించి పాఠాలు చెప్పేవాళ్లు, నిజం చెప్పినా నమ్మే కోర్టు బానిసకు ఎక్కడుందో కూడా చెప్పాలి.

నవలలో కాస్త మాయ ఉంది. నీళ్లలోకి చూస్తే టిటుబాకు వదిలొచ్చిన దీవి కనిపిస్తుంది. బార్బడోస్ లో ఒక ముసలాయన ఇచ్చిన పిడుగురాయి ఆమె దగ్గరుంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు చేతిలో పట్టుకుంటే, రాయి కదిలితే బతుకుతుందన్న మాట. గమనించండి, ఆ రాయి ఎవరినీ చంపదు. ఎవరికీ హాని చెయ్యదు. బతుకుతావు అని మాత్రం చెబుతుంది. మంత్రగత్తెల కథల్లో శక్తి అంటే శత్రువును కాల్చడం. పెట్రీ దగ్గర శక్తి అంటే రేపటి మీద నమ్మకం. ఇంతకంటే ఎక్కువ మాయ పెట్టి ఉంటే “చూశారా, ఆమె నిజంగానే మంత్రగత్తె” అని ప్యారిస్ వైపే మాట్లాడినట్టయ్యేది.

నవల మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, కోర్టు రికార్డుల్లో ఆమెను ‘ఇండియన్’ అని, అంటే అక్కడి ఆదివాసీ అని రాశారు. నల్లజాతి టిటుబా తర్వాతి కాలపు రాతల్లో తయారైంది. పెట్రీ తన జాతి స్త్రీగా ఆమెను సొంతం చేసుకోవడం అర్థమవుతుంది. కానీ ఆదివాసీ టిటుబాను కూడా మరిచిపోకూడదు. రెండోది, కథ చివర ఆమెను ఒక మంచి నేతగాడు కొంటాడు. యజమాని మంచివాడైనా కొనుగోలు కొనుగోలే. 1711లో ప్రభుత్వం బాధిత కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. అందులో టిటుబా పేరు లేదు.

ఇదంతా మూడువందల ఏళ్ల కిందటి తెల్లవాళ్ల గోల అనుకుందామా? తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అని పేరు పెట్టి మనుషుల పళ్లు ఊడగొట్టారు, సజీవంగా తగలబెట్టారు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో దాన్నే చిల్లంగి అంటారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పేపర్లు ‘మూఢనమ్మకం’ అని రాసి చేతులు దులుపుకుంటాయి. నమ్మకం అందరికీ ఉంటుంది, దెబ్బలు కొందరికే ఎందుకు పడతాయి? ఆమె ఏ వాడ మనిషి, ఆమెకు భూమి ఉందా, ఆమె తరఫున మాట్లాడే దిక్కు ఉందా అని ఎవరూ అడగరు. ఈ నవల క్లాసులో చెప్పే టీచర్లు ఈ ప్రశ్నలతో మొదలుపెడితే బాగుంటుంది.

మా నాయనమ్మ మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కాలం కలిసొచ్చిందంతే. ఆమె పోసిన పురుళ్లలో పుట్టినవాళ్లు ఈ రోజు ఆ ఊళ్లో పెద్దమనుషులు. వాళ్లలో ఎవరినడిగినా ఆమె పేరు చెప్పలేరు. ‘మంత్రసాని’ అంటారు, అంతే.