ఓడ దిగినా ఊపు దిగదేం?

రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి తెల్లవారి ఇల్లు చేరారు. స్నానం చేసి మంచం మీద నడుం వాల్చారు. కళ్ళు మూసుకోగానే మంచం రైలు బెర్తులాగా ఊగుతున్నట్లు అనిపిస్తుంది గదా! కళ్ళు తెరిస్తే మంచం నిక్షేపంలా ఉంది. మళ్ళీ మూస్తే మళ్ళీ ఊపు. మీలో చాలామందికి ఇది అనుభవమే. ఒక నిద్ర తీసి లేచేసరికి ఆ ఊపు పోతుంది కనుక దాన్ని గురించి ఎవరూ తల బద్దలు కొట్టుకోరు.

రైలుకు బదులు ఓడ అయితే? ఒక రాత్రికి బదులు మూడు రోజులయితే?

1996 వేసవి సెలవుల్లో నేను విశాఖపట్నం నుంచి పోర్టు బ్లెయిరుకు ఓడలో వెళ్ళాను. (ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.) అండమాన్ దీవుల్లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పెద్దమ్మగారి అమ్మాయి, నాకు అక్కయ్య, అక్కడే కాపురం ఉండేది. విశాఖకూ ఆ ఊరికీ మధ్య సముద్రం సుమారు 1200 కిలోమీటర్లు. మా ఓడకు దాదాపు మూడు రోజులు పట్టింది. తిరుగు ప్రయాణంలో అక్కయ్య కూడా పుట్టింటికని నాతో బయలుదేరింది. జూన్ నెల, రుతుపవనాలు వచ్చే రోజులు. సముద్రం పొంగి ఉంది. ఓడ తాపీగా ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకూ ఒరుగుతూనే ఉంది. మొదటి రోజు ఇద్దరం అన్నం ముట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ఒంటికి కొంచెం అలవాటయింది. మూడో రోజు చేతిలో టీ గ్లాసులు పెట్టుకుని, ఎక్కడా ఏదీ పట్టుకోకుండా డెక్కు మీద తిరిగాం.

అసలు చిక్కు విశాఖ రేవులో మొదలైంది. సిమెంటు గట్టు మీద కాలు పెట్టాను. గట్టు ఊగింది! ఇంటికి వెళ్ళి పీట మీద కూర్చుంటే పీట ఊగింది. బళ్ళు తెరిచిన రోజున నల్లబల్ల మీద రాస్తూ, బల్ల కుడివైపుకు ఒరిగిపోతోందనుకుని రెండో చేత్తో పట్టుకోబోయాను. ఎనిమిదో తరగతి పిల్లలు కిసుక్కున నవ్వారు. మర్నాటికి నాకు తగ్గిపోయింది.

అక్కయ్యకు తగ్గలేదు. మూడు రోజులు కాదు, మూడు వారాలు కాదు, అయిదు నెలలు!

చెవుల డాక్టరు చూసి చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. మరొకరు నరాల బలహీనత అని టానిక్కు రాశారు. ఇంట్లో దిష్టి తీశారు. పుట్టింట్లో ఇంకొన్నాళ్ళు ఉండడానికి వేషం అని చెవులు కొరుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె చెప్పిన మాట ఒకటి మాత్రం అందరినీ నవ్వించింది. “ఒరే తమ్ముడూ, బస్సెక్కితే నిమ్మళంగా ఉంటాదిరా. దిగితే మళ్ళీ మొదలు.” కదిలే బస్సులో కుదురుగా ఉంటుందట, కదలని ఇంట్లో ఊగిపోతుందట! సైన్సు మాస్టర్ని అయిఉండీ నేను కూడా నవ్వాను. ఈ జబ్బును గుర్తుపట్టడానికి అన్నిటికంటే పనికొచ్చే ఆనవాలు సరిగ్గా ఆ మాటేనని నాకు చాలా ఏళ్ళ తరువాతగాని తెలియలేదు.

ఇప్పుడు మనం చెవిలోకి వెళదాం. చెవి వినడానికే అనుకుంటాం. కాని అంతర చెవిలో వినికిడికి పనికివచ్చే కర్ణావర్తం పక్కనే మూడు సన్నని వంపు గొట్టాలున్నాయి. వీటినే అర్ధవర్తుల కుల్యలు అంటారు. గది మూలలో రెండు గోడలూ నేలా ఎలా కలుస్తాయో, ఈ మూడూ అలా ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. వాటి నిండా అంతర లసిక అనే ద్రవం. తల తిప్పితే గొట్టం తిరుగుతుంది, ద్రవం జడత్వం వల్ల వెనకబడుతుంది. అలా వెనకబడిన ద్రవం లోపలి సన్నని కేశాలను వంచుతుంది. తల తిరిగిందన్న కబురు నాడి ద్వారా మెదడుకు పోతుంది. కుల్యల మొదట్లో రెండు చిన్న సంచులు కూడా ఉన్నాయి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే, పరిచి ఉంటాయి. తల ఒరిగినా, బండి ముందుకు ఉరికినా ఆ రేణువులు జారి ఆ సంగతి తెలియజేస్తాయి.

గాజు గ్లాసులో నీళ్ళు పోసి చిటికెడు టీ పొడి వేయండి. గ్లాసును అరచేతుల మధ్య గిర్రున తిప్పండి. మొదట టీ పొడి ఉన్నచోటనే ఉంటుంది. తిప్పుతూ పోతే నీళ్ళూ తిరగడం మొదలుపెడతాయి. ఇప్పుడు గ్లాసును ఆపండి. గ్లాసు ఆగినా టీ పొడి తిరుగుతూనే ఉంది గదా! మీరు గిర్రున తిరిగి ఆగినప్పుడు ఇల్లంతా తిరుగుతున్నట్లు కనిపించడానికి కారణం ఇదే.

అయితే ఓడ దిగాక ఊగడానికి కారణం కూడా ఇదేనా? చెవిలో నీళ్ళు ఇంకా ఊగుతున్నాయా? చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇది తప్పని మీరే తేల్చవచ్చు. పదిసార్లు గిర్రున తిరిగి, ఆగి, అంకెలు లెక్కపెట్టండి (చుట్టూ బల్లలూ గట్లూ లేని చోట, పక్కన ఒకరిని ఉంచుకుని సుమా!). ముప్ఫై దాకా లెక్కపెట్టేసరికి తిరుగుడు ఆగిపోతుంది. అంత సన్నని గొట్టంలోని ద్రవం ఎంతోసేపు కదలలేదు. గ్లాసులో నీళ్ళే నిమిషంలో నిలిచిపోతే, వెంట్రుకలాంటి గొట్టంలోనివి రెండు రోజులు, అయిదు నెలలు ఊగుతాయా? కనుక ఊగేది చెవి కాదు. చెవి వెనక ఉన్న మెదడు. అక్కయ్య చెవుల్లో డాక్టరుకు ఏమీ కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదన్నమాట.

మెదడు ఎందుకు ఊగుతుంది? ఈ పత్రికను కదలకుండా పట్టుకుని, చదువుతూ మీ తలను కుడిఎడమలకు త్వరత్వరగా ఊపండి. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఇప్పుడు తలను కదలనీయక, పత్రికను అంతే వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల కదిలినప్పుడు చెవి పంపిన కబురును బట్టి మెదడు కనుగుడ్లను సరిగ్గా అంతే దూరం వ్యతిరేక దిశలో తిప్పుతుంది. పత్రిక కదిలినప్పుడు చెవికి ఏమీ తెలియదు, కన్ను ఒక్కటే వెంటపడలేదు. ఇలా చెవి, కన్ను, కాళ్ళు మూడూ చెప్పే సాక్ష్యాలను కలుపుకుంటూ మెదడు క్షణక్షణం లెక్కలు కడుతూ ఉంటుంది.

ఆ లెక్కలు రాతిమీద చెక్కినవి కావు. మీలో కళ్ళద్దాలు పెట్టుకునే వారిని అడగండి. కొత్త అద్దాలు పెట్టుకున్న మొదటి రెండు రోజులు నేల ఎత్తుపల్లంగా తోస్తుంది, మెట్లు దిగాలంటే భయం. తరువాత సర్దుకుంటుంది. మారింది అద్దాలు కాదు, మెదడులోని లెక్క.

ఓడలో జరిగేదీ ఇదే. గదిలో కూర్చుంటే గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది, కదులుతున్నామని చెవి చెబుతుంది. సాక్ష్యాలు కుదరక వాంతులు, వికారం. ఒకటి రెండు రోజుల్లో మెదడు ఓడ ఊపులోని లయను పట్టేస్తుంది. ఇన్ని సెకన్లకు కుడికి, ఇన్ని సెకన్లకు ఎడమకు అని ముందుగానే ఊహించి, ఒరగక మునుపే కాళ్ళకు ఆజ్ఞలు పంపుతుంది. మూడో రోజు మేము టీ గ్లాసులతో నడవగలిగింది అందువల్లనే. ఇంత కష్టపడి నేర్చుకున్న పాఠాన్ని, గట్టు మీద కాలు పెట్టగానే మరిచిపొమ్మంటే ఎలా? ఓడ లేదు, కాని ఓడకోసం పంపే ఆజ్ఞలు ఆగలేదు. నేర్చుకున్నంత సులువుగా మరవడం దానికి చేతకాదు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. పరిణామవాదం చెప్పిన ఛార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్ వైద్యుడు. 1794లో మొదటి భాగం వెలువడిన తన ‘జూనోమియా’ గ్రంథంలో, చాలాకాలం నీటిమీద గడిపినవారు ఒడ్డుకు వచ్చాక, నిద్రకూ మెలకువకూ నడుమ గదీ సామానూ ఓడలా ఊగుతున్నట్లు భావిస్తారని రాశాడు. నావికులకు ఇది నిత్యానుభవం. ఫ్రెంచి భాషలో దీనిని ‘మాల్ ద దెబార్క్‌మా’ అంటారు. ఓడ దిగిన జబ్బు అని అర్థం. ఎక్కితే వచ్చే జబ్బు అందరికీ తెలుసు, దిగితే వచ్చేదానికి కూడా వేరే పేరుందని ఎంతమందికి తెలుసు?

సాధారణంగా ఇది కొన్ని గంటల్లో, మహా అయితే రెండు రోజుల్లో పోతుంది. కాని ఏ కొద్దిమందికో నెలలు, ఏళ్ళు నిలిచిపోతుంది. 1987లో అమెరికాలో బ్రౌన్, బలో అనే వైద్యులు అలాంటి ఆరుగురు రోగుల కథలను ప్రకటించారు. అప్పటినుంచి వైద్యులు దీనిని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించసాగారు. ఇది నడివయస్సు స్త్రీలలోనూ, పార్శ్వపు నొప్పి ఉన్నవారిలోనూ ఎక్కువ. అక్కయ్యకు అప్పటికి నలభై దాటాయి, పార్శ్వపు నొప్పి చిన్నప్పటినుంచీ ఉంది. ఒకే ఓడలో, ఒకే అలల మీద వచ్చిన మా ఇద్దరిలో నాకు మూడు రోజుల్లో, ఆమెకు అయిదు నెలలకు తగ్గిందంటే, తేడా సముద్రంలో లేదు.

2020లో బారానీ సంఘం ఈ జబ్బును గుర్తించడానికి నియమాలు ఏర్పరచింది. (ఆ పేరుగల రాబర్ట్ బారానీ చెవిలోని ఈ సమతాస్థితి అవయవం మీద పరిశోధించి 1914 నోబెల్ బహుమతి పొందినవాడు. బహుమతి ప్రకటించినప్పుడు ఆయన యుద్ధఖైదీగా రష్యాలో ఉన్నాడు!) ఊపు ప్రయాణం ముగిసిన 48 గంటల లోపల మొదలుకావాలి. అది గిర్రున తిరగడం కాక ఊగడం, తూగడం, తేలడంలా ఉండాలి. ఇంకొక నియమం చూడండి: వాహనంలో పోతున్నప్పుడు తాత్కాలికంగా తగ్గాలి. మా అక్కయ్య బస్సు! నిజమైన కదలిక కబుర్లు వస్తున్నంతసేపు మెదడు సొంత ఊపు వాటిలో కలిసిపోతుందనీ, బండి ఆగగానే అది ఒంటరిగా మిగిలి బయటపడుతుందనీ దీనికి చెప్పే వివరణ. ఏమైనా, వేషం వేసేవాళ్ళెవరూ కల్పించే మాట కాదిది.

2014లో న్యూయార్కులోని మౌంట్ సినాయ్ వైద్యశాలలో మింగ్జియా డాయ్, బెర్నార్డ్ కోహెన్, వారి సహచరులు ఒక చికిత్స ప్రకటించారు. నేర్చుకున్న పాఠమే రోగమైతే, దాన్ని చెరిపే పాఠం చెప్పాలి గదా! రోగిని చుట్టూ చారలు మెల్లగా కదిలే గదిలో కూర్చోబెట్టారు. రోగి ఎన్ని సెకన్లకు ఒకసారి ఊగుతున్నదో చూసి, అదే లయలో ఆమె తలను కుడి భుజం వైపుకూ, ఎడమ భుజం వైపుకూ వంచుతూ వచ్చారు. ఒక్కొక్క విడత కొద్ది నిమిషాలు, ఇలా అయిదు రోజులు. 24 మందిలో 17 మందికి బాగా గుణం కనిపించింది. అందరికీ కాదు, ఆ గుణం అందరిలో నిలవనూ లేదు. అయినా ఏళ్ళ తరబడి నమ్మేవారు లేక తిరిగినవారికి ఇది ఎంత ఊరటో ఆలోచించండి.

మీరు ఎప్పుడైనా ఓడ ప్రయాణం చేసి వస్తే (2023 నుంచి విశాఖ రేవులో విహారనౌకలకోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ఉంది) ఊపు కనిపించగానే కంగారుపడకండి. కళ్ళు మూసుకుని ముడుచుకు పడుకుంటే ఎక్కువవుతుంది. లేచి ఆరుబయట నడవండి. దూరంగా ఉన్న తాటిచెట్టునో, గుడి గోపురాన్నో చూస్తూ నడవండి. మీ కన్నూ కాళ్ళూ నేల కదలడం లేదని మెదడుకు పదేపదే చెప్పాలి. నిలబడినప్పుడు తూలితే గోడకు ఒక వేలు ఆనించినా చాలు. తలమీద నీళ్ళు పోసుకుని ముఖానికి సబ్బు రాసేటప్పుడు, చీకట్లో మెట్లు దిగేటప్పుడు ఏదైనా పట్టుకోండి, అప్పుడు కంటి సాక్ష్యం ఉండదు. ఆ రెండు రోజులు సైకిలు తొక్కకండి. రాత్రి నిద్ర చెడకుండా చూసుకోండి. ఓడలో వాంతులకు వేసుకునే మాత్రలు దీనికి పనిచేయవు, ఊరికే మగతగా ఉంటుంది. రోజులు గడిచినా తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళి, “ఓడ దిగాక మొదలైంది, వాహనం ఎక్కితే తగ్గుతుంది” అని ఈ రెండు ముక్కలూ తప్పక చెప్పండి. ఇల్లంతా గిర్రున తిరిగినా, చెవి వినిపించకపోయినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

అక్కయ్యకు అయిదో నెలలో దానంతట అదే తగ్గింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఓడ పేరెత్తనివ్వలేదు. చెన్నై వెళ్ళి విమానం ఎక్కింది. చాలా ఏళ్ళ తరువాత ఈ జబ్బుకు ఒక పేరుందని నేను చదివి చెప్పినప్పుడు, పేరు రెండుసార్లు పలకబోయి మానేసి, “మరి అప్పుడు నవ్వావేంరా?” అంది.

ఓడ దిగిన రోజున చేతికి గడియారం ఉంటే ఒక పని చేయండి. కదలకుండా కూర్చుని, ఒక ఊపుకు ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కించి రాసుకోండి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు, బస్సులో ఉన్నప్పుడు, బస్సు దిగిన పది నిమిషాలకు, మళ్ళీ రాయండి. మర్నాడు అదే వేళకు అదే విధంగా రాయండి. ప్రయాణంలో ఓడ ఊపును కూడా ముందే ఇలా లెక్కించి ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.