కార్తెను బట్టి పని

సంక్రాంతి దగ్గరికొచ్చిందంటె చొప్పదండిల మా వాడ ఆడోళ్లు ఒకరినొకరు అడిగేది ఒక్కటే మాట: "ఏమక్కా, మీ ఇంట్ల సకినాలెప్పుడు?" వాళ్లింట్ల ఏ దినమో తెలిస్తె మనింట్ల ఇంకో దినం పెట్టుకోవచ్చు. ఒక్క మనిషి కూసుంటె తెల్లారేదాక చుట్టినా కుంచెడు బియ్యం ఒడువదు. నలుగురైదుగురు రావాలె. వాళ్లు మనకొస్తె, మనం వాళ్లకు పోవాలె.

వానకాలం వడ్లు కోసి మర పట్టించిన కొత్త బియ్యం రాత్రి నానబోస్తం. పొద్దుగాల నీళ్లు వంపి గిర్నికి తీస్కపోతం. ఆ తడిపిండి ఆరకముందే నువ్వులు, వోమ, ఉప్పు వేసి, నీళ్లు చల్లుకుంట పిసుకుతం. పిండి గట్టిగుంటె తెగుతది, పల్చగుంటె పరుచుకుంటది. ముందుగాల ఇంత పిండితోని గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టినంకనే చుట్టుడు మొదలు. ఉతికిన ధోతి నేల మీద పరిచి, బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండిని మెలిపెట్టుకుంట చుట్టు మీద చుట్టు తిప్పాలె. మా అత్తమ్మ చుట్టిన సకినంల ప్రతి మెలికా ఒక్క తీరుగ, 2007ల భౌగోళిక గుర్తింపు వచ్చిన మన కరీంనగర్ ఫిలిగ్రీ వెండితీగ పనోలె ఉండేది. ఆమె చెయ్యి చూసుకుంటనే నేను నేర్చుకున్న. చుట్టినంక బట్ట తడిని పీల్చుకునేదాక ఆగాలె. తొందరపడి తీస్తె విరుగుతది. ఆ ఆగే యాళ్లనే ముచ్చట్లు నడుస్తయి. ఎవలింట్ల లగ్గం కుదిరింది, ఎవల కొడుకు దుబాయి నుంచి వస్తుండు, ఎవలకు పెయి బాగలేదు, అన్నీ ఆడనే తెలుస్తయి.

ఇట్ల చేత్తోని చేసుకొని తినాలని పట్నం కొలువులిడిసి ఫ్రాన్స్ పల్లెల్ల ఇల్లు తీసుకొని, రొట్టె ఇంట్లనే కాల్చుకుంట, పెరట్ల కాసిందే వండుకుంట బతికేటోళ్ల గురించి ఈ నడుమ చదువుతున్నం. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1986ల రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ పెడుతుంటె ఇటలీ పాత్రికేయుడు కార్లో పెట్రిని, ఆయన తోటోళ్లు నిరసన చేసిండ్రు. దాంట్లకెల్లి స్లో ఫుడ్ ఉద్యమం పుట్టింది. 1989ల పారిస్‌ల దాని ప్రణాళిక మీద 15 దేశాలోళ్లు సంతకాలు పెట్టిండ్రు. వాళ్ల పట్టుదలంటె నాకు గౌరవం. మా దిక్కు మాత్రం ఈ తీరు బతుకు ఒక్క ఇల్లు అనుకుంటె నడువది. వాడకట్టు మొత్తం చెయ్యి వేస్తెనే నడుస్తది.

మా పనులన్నీ కార్తెను బట్టే. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 దినాలు. ఎండలు ముదిరితె చింతపండు గింజ తీసుడు, వడియాలు, చల్ల మిరపకాయలు, మామిడికాయ తొక్కు. మిరుగం కార్తె మొదలైన నాడు చేపల కూర. కంకులు పాలు పట్టినంక మక్క గారెలు.

పెత్రమాస నుంచి తొమ్మిది దినాలు బతుకమ్మ. ఈడనే నాకు మనసుల గుబులు. తంగేడు గుట్టల పొంటి, బీళ్ల పొంటి ఇంకా దొరుకుతుంది. గునుగు చేన్ల మొలిచే కలుపు మొక్క. దాన్ని తెంపుకొచ్చి, కట్టలు కట్టి, రంగుల్ల ముంచి పేరుస్తం. 1963ల పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువల వచ్చినంక మా దిక్కు వరి పెరిగింది, కడుపునిండ బువ్వ దొరికింది. ఆ మేలు చిన్నది కాదు. అయితె జొన్న, నువ్వు అసొంటి మెట్ట పంటలు తగ్గినయి. మిగిలిన మక్క, పత్తి చేన్లల్ల కలుపు మందు కొడుతుండ్రు. మందు పడ్డ కాడ గునుగు మొలువది. గౌరమ్మకు పెట్టే పువ్వును అంగట్ల కట్టకింత అని కొంటున్నం.

సకినాలు గూడ ఇప్పుడు ఏడాది పొడుగున దుకాణంల దొరుకుతయి. అమెరికాల ఉన్న పిల్లలకు పెట్టెలల్ల పోతున్నయి. వాటిని చుట్టి నాలుగు పైసలు సంపాయించుకుంటున్న ఆడోళ్లను చూస్తె నాకు సంబురమే. ఆ చెయ్యికి పని దొరకాలె, గిట్టుబాటు కూలి గూడ దొరకాలె. ఇంట్ల మాత్రం సంక్రాంతికి చుట్టుడు మేము ఇడువలేదు. పోయిన యేడు మా పక్కింటి పిల్ల, ఇంజనీరింగ్ చదువుతది, మా మధ్యల కూసుండి చుట్టింది. మెలిక కుదరలేదు, చుట్టు తెగింది, మళ్ల అతికి చుట్టింది. మాపటికల్ల దాని చెయ్యి తిరిగింది.

మా చెల్క కౌలుకు చేసే తమ్మునితోని ఈసారి మాట్లాడిన: "గట్టు పొంటి రెండు సాళ్లు మందు కొట్టకు తమ్మీ, గునుగు మొలవనియ్యి." "మక్కకు గింత దెబ్బ తగుల్తది గదా అక్కా" అన్నడు. ఆ సాళ్లకు కౌలు తీసుకోనని చెప్పిన. సరేనన్నడు.