ముల్లుకూ స్పీకరుకూ మధ్య పెట్టె

పొలసరలోనైనా బరంపురంలోనైనా ఒకప్పుడు పెళ్ళి పందిళ్ళలో మోగిన మైకు సెట్లకు ఫోనో ప్రీయాంప్లిఫయరుతో పని పడేది కాదు. ఆ రికార్డు ప్లేయర్లలో ముల్లు వెనక క్రిస్టల్ బిళ్ళో సిరామిక్ బిళ్ళో ఉండేది. కాస్త వంగితే చాలు, కొన్ని వందల మిల్లీవోల్టులు పుట్టించేది. దాన్ని నేరుగా వాల్వు యాంప్లిఫయరుకు తగిలిస్తే ఊరంతా పాటే. కాకపోతే ఆ బిళ్ళను వంచాలంటే ముల్లు బరువుగా నొక్కాలి. ఆ బరువుకు గాడి అరిగేది. పాత రికార్డుల్లో నేటి గరగరకు ఒక కారణం అదే.

ఆ బిళ్ళ బదులు అయస్కాంతపు కార్ట్రిడ్జి వచ్చాక ముల్లు బరువు రెండు గ్రాముల దాకా తగ్గింది. దాంతోపాటు వోల్టేజి కూడా తగ్గింది. బయటికి వచ్చేది అయిదు మిల్లీవోల్టుల దరిదాపే. దాన్ని వందరెట్లు పెంచడానికి పుట్టినదే ఈ ఫోనో ప్రీయాంప్లిఫయరు పెట్టె.

పెంచడంతో పని అయిపోదు. కొలంబియా కంపెనీ 1948లో ఎల్‌పీని తెచ్చినప్పుడు గాడులు బాగా సన్నబడ్డాయి. మంద్ర స్వరాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే ముల్లు పక్క గాడిలోకి పడుతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడే మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆ లెక్కను తిరగేయాలి. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘమైన ఆర్‌ఐఏఏ పేరుతో అందరికీ ఒకటే కుదిరింది. దాని ప్రకారం వెయ్యి హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ ధ్వనిని సుమారు పదిరెట్లు పెంచాలి, 20 వేల హెర్ట్జ్ ధ్వనిని పదోవంతుకు దించాలి.

ఆ పనికి తొలినాళ్ళలో దొరికినది వాల్వే. 12ఏఎక్స్7 అనే బొటనవేలంత గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లుంటాయి, ఒక్కోదాని వృద్ధి గుణకం వంద. 1958 నాటి మరాంట్జ్ 7 ప్రీయాంప్లిఫయరు వీటితోనే పేరు తెచ్చుకుంది. మన దేశంలో బెంగుళూరు బీఈఎల్ 1961లో రేడియో వాల్వులు, ఆ మరుసటి ఏడే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేయసాగింది. అంటే వాల్వా, ట్రాన్సిస్టరా అనే తగవులో వాదికీ ప్రతివాదికీ పుట్టిల్లు ఒకటే!

ఇప్పుడు కొనేవాళ్ళు ఏది ఎంచుకోవాలి? మన కరెంటు 50 హెర్ట్జ్. ఆర్‌ఐఏఏ లెక్క ఆ చోట ధ్వనిని ఏడు రెట్లు పెంచుతుంది. వాల్వు ఫిలమెంటు నుంచి రవ్వంత హమ్ జారినా అది కూడా ఏడు రెట్లవుతుంది. పెట్టె మూత తీసి వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టి చూడండి: స్పీకరులో టింగుమంటుంది. లోపలి తీగలు కదిలితే అదీ సంగీతమే దానికి. వేసవిలో వోల్టేజి పడిపోయే ఊళ్ళలో ఫిలమెంటు సరిగా వేడెక్కదు కూడా. ఇక అయస్కాంతపు కార్ట్రిడ్జిల్లోనే మూవింగ్ కాయిల్ రకం సాధారణంగా ఇచ్చేది అర మిల్లీవోల్టు లోపే. అక్కడ వాల్వు సొంత రొదలో పాట మునుగుతుంది, ముందు ట్రాన్స్‌ఫార్మరు పెడితే తప్ప.

మరి వాల్వు తీపి అంతా భ్రమేనా? కాదు. సరి హార్మోనిక్కులు కాస్త కలిసి గొంతు నిండుగా వినిపిస్తుంది. రెండు మూడు వందల వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి గీత మీద ముల్లు ఎగిరిపడ్డా తట్టుకుంటుంది. కానీ ఆ తీపిలో కొంత వాల్వు కెపాసిటెన్సు చలవ. దాదాపు వంద పికోఫారడ్లు కార్ట్రిడ్జి మీద పడి తారస్థాయి తీరు మారుతుంది. ట్రాన్సిస్టరు పెట్టెకు అంతే కెపాసిటరు తగిలిస్తే తేడా చాలావరకు చెరిగిపోతుంది. ఘంటసాల ఎల్‌పీలు వినడానికే అయితే నా ఓటు మంచి ఆప్‌యాంప్ (ట్రాన్సిస్టర్ల చిప్పు) పెట్టెకే.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులున్న ఇంట్లో ఈ తగవే పక్కకు పోతుంది. కలకత్తా డమ్‌డమ్‌లోని హెచ్‌ఎమ్‌వీ ఫ్యాక్టరీ 1960లలో కూడా 78లు ఒత్తింది. ఆర్‌ఐఏఏకు ముందు నాటివి చాలావరకు వేరే లెక్కతో చెక్కినవి. మంద్రాన్ని తగ్గించడం మొదలయ్యే మలుపు 500 హెర్ట్జ్ దగ్గర కాక 250 దగ్గర పడుతుంది, తారానికి పెంపు ఉండదు. వాటిని నేటి పెట్టెలో వేస్తే, వాల్వుదైనా ట్రాన్సిస్టరుదైనా, మంద్రం ఉబ్బి గొంతు గుడ్డ కప్పినట్టుంటుంది. ఈ లెక్క మార్చే మీట ఉన్న పెట్టె కొనాలి. ఎల్‌పీ ముల్లు ఆ వెడల్పు గాడి అడుగున దొర్లుతుంది కనుక, మూడింతల లావున్న 78 ముల్లు విడిగా తెప్పించుకోవాలి.